మంత్రి గారూ, ఎముక విరిగాకే రమ్మంటారా?

వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా అబ్బాయి మాత్రలు, పరీక్షల కోసం మేమిచ్చిన అర్జీలు మీ పేషీలోనే ఉన్నాయి, రసీదులు మా దగ్గరున్నాయి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చినదానికైతే "సంబంధిత శాఖకు పంపడమైనది" అని ఒక మెసేజ్, కొన్నాళ్లకి "పరిష్కరించబడినది" అని ఇంకో మెసేజ్ వచ్చాయి. ఏం పరిష్కరించారో మాకు మాత్రం చెప్పలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నా.

మా అబ్బాయికి విల్సన్ వ్యాధి. ఒంట్లో చేరిన రాగిని లివర్ బయటికి పంపలేక లివర్లో, మెదడులో, కళ్లలో పేరుకుంటుంది. ఇంతవరకు మీవాళ్లకీ తెలుసు. కిడ్నీల్లో కూడా చేరుతుందని, అప్పుడు ఫాస్ఫేట్, కాల్షియం మూత్రంలో పోయి ఎముకలు మెత్తబడతాయని చెబితే మాత్రం ఇదెక్కడి గోల అన్నట్టు చూస్తారు. మావాడికి ముందు కామెర్లు రాలేదు, చేతులు వణకలేదు. మోకాళ్ల నొప్పులొచ్చాయి, తర్వాత నడుస్తుంటే మోకాళ్లు ఒకదానికొకటి రాసుకోవడం మొదలైంది. ఎదిగే వయసు నొప్పులన్నారు. రికెట్స్ (విటమిన్ డి తగ్గి ఎముకలు వంగే జబ్బు) అన్నారు, విటమిన్ డి ఇచ్చి ఎండలో నిలబెట్టమన్నారు (మనకి ఎండకి కరువా!). చివరికి ఒక డాక్టరమ్మ వాడి కంటి నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం చూసి, సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రోటీన్), 24 గంటల మూత్రంలో రాగి పరీక్షలు రాస్తే అసలు సంగతి బయటపడింది. ఇది మా ఒక్క ఇంటి వింత కాదు సార్. బెంగళూరులో మెదడు, నరాల జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రి డాక్టర్లు 282 మంది విల్సన్ రోగుల గురించి 2007లో రాసిన పత్రంలో ఎముకలు, కండరాల సమస్యతో వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఇక మీరిచ్చిన ఆరోగ్య కార్డు సంగతి. కాలు విరిగి, అడ్మిట్ అయి, రాడ్ వేయించుకుంటే కార్డు పనిచేస్తుందట. విరగకుండా చూసుకోవడానికి డెక్సా స్కాన్ (ఎముకల గట్టిదనం చూసేది), ఫాస్ఫరస్, విటమిన్ డి పరీక్షలు కావాలంటే అవన్నీ ఓపీ, మా జేబులోంచే పెట్టుకోవాలి. ఒంట్లోని రాగిని మూత్రంలో బయటికి పంపే పెనిసిల్లమిన్ మాత్రలూ అంతే. అవి జీవితాంతం వాడాలి, ఇష్టమొచ్చినట్టు ఆపితే లివర్ చెడి ప్రాణం మీదికి వస్తుంది, మా ఊళ్లో ఏ షాపులోనూ దొరకవు, హైదరాబాద్‌లో ఎవరినో బతిమాలి బస్సులో పార్శిల్ వేయించుకోవాలి, ఆ పార్శిల్ వచ్చేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే. హెల్ప్ డెస్క్ కుర్రాడిని అడిగితే "అడ్మిట్ అయితే చూద్దాం అంకుల్" అన్నాడు. పాపం అతన్నని లాభం లేదు, రూల్ మీది.

ఎముకల డాక్టరు ఇది లివర్ జబ్బంటారు. లివర్ డాక్టరు మోకాళ్లు నావి కావంటారు. దివ్యాంగుల సర్టిఫికెట్ క్యాంపుకి వెళ్తే "నడుస్తున్నాడు కదా, 40 శాతం రాదు" అన్నారు. నడవలేకపోయాక రమ్మనా దానర్థం? ఆ క్యాంపులోనే స్టేజీ మీద పెద్దలకి శాలువాలతో పాటు రాగి బాటిళ్లు ఇచ్చారు, ఆరోగ్యానికి మంచిదని మైకులో చెప్పి మరీ. మావాడు పడీ పడీ నవ్వాడు.

ఎక్కడికెళ్లినా ఇంకో ప్రశ్న, మేనరికమా అని. అవును, మేనరికమే. ఏ బంధుత్వం లేని దంపతుల పిల్లలకీ ఈ జబ్బు వస్తుంది. తల్లిదండ్రులు బంధువులైనా, పరాయివాళ్లైనా, పుట్టిన పిల్లాడికి మందు ఇవ్వాలా వద్దా?

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. అందులో 50 లక్షల దాకా సాయం ఉందని మీటింగుల్లో వింటున్నాం, సంతోషం. మేం 50 లక్షలు అడగట్లేదండీ. నెలనెలా మాత్రలు, డాక్టరు రాసినప్పుడు ఎముకల స్కాన్, రక్త పరీక్షలు. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు తేలితే తోడబుట్టినవాళ్లకి కూడా పరీక్ష, ఎందుకంటే ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మా చిన్నదానికి అప్పు చేసి చేయించాం, దేవుడి దయ, లేదన్నారు. అందరూ అప్పు చేయగలరా?

స్కాన్, మాత్రలు ఓపీలోనే ఇచ్చేలా ఒక జీవో ఇవ్వండి. జీవో ఆలస్యమైతే కనీసం మాత్రలైనా జిల్లా ఆసుపత్రి స్టోర్‌లో పెట్టించండి. మాత్రలైనా పెట్టించండి సార్. మా దగ్గరున్నవి ఈ నెలాఖరుకి అయిపోతాయి.

ఇట్లు,
ఒక విల్సన్ పిల్లాడి తండ్రి