తొమ్మిదో నంబరు మోకాలు

నాన్నా,

మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి సరిగా జవాబు చెప్పలేదు. "పన్నెండు వారాలు ఆ ల్యాబ్‌లో ఏం చేస్తావే?" అన్నావు. "లిగమెంట్ల మీద రీసెర్చ్ నాన్నా" అని మాట మార్చేశాను. ఇంజినీరింగ్ చదివిన పిల్ల మోకాళ్ళ దగ్గర తేలడం నీకు బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టినట్టు ఉందని నీ గొంతులోనే తెలిసిపోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఫోన్‌లో అయితే సగంలోనే "సరేలే, పడుకో" అంటావు. ఉత్తరంతో ఆ మాట అనలేవు.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది తర్వాత చెప్తాను.

ముందు మోకాలు సంగతి. తొడ ఎముక కింది కొస రెండు గుండ్రటి బుడిపెల్లా ఉంటుంది. అది కూర్చునే కాలి ఎముక పైభాగమేమో దాదాపు బల్లపరుపు. పళ్ళెంలో పెట్టిన గోళీలా జారిపోవాలి నిజానికి. జారకుండా పట్టి ఉంచేవి ముఖ్యంగా నాలుగు లిగమెంట్లు, అంటే ఎముకని ఎముకకి కట్టి ఉంచే గట్టి పీచు పట్టీలు. చెరో పక్కా ఒక్కొక్కటి, లోపల కత్తెరలా ఒకదాన్నొకటి దాటుకుంటూ రెండు. ఆ లోపలి రెండింట్లో ముందుదే ఏసీఎల్ (యాంటీరియర్ క్రూషియేట్ లిగమెంట్). ఆటగాళ్ళ గాయాల వార్తల్లో పేపర్లో కనిపించే పేరు అదే. పొడవు సుమారు 3 సెంటీమీటర్లు, నా చిటికెన వేలంత కూడా ఉండదు. కాలి ఎముక ముందుకు జారకుండా ఆపేది అదే. ఒంటికాలి మీద నిలబడి మెలితిరిగినప్పుడు అడ్డుపడేదీ అదే.

ఆ కాస్త పీచు ఎంత బరువు మోస్తుందో చూడు. 1991లో సావియో వూ అనే పరిశోధకుడి బృందం, చనిపోయాక శరీరం దానం చేసినవాళ్ళ మోకాళ్ళ మీద లాగి కొలిచింది. 22 నుంచి 35 ఏళ్ళవాళ్ళలో సగటున 2160 న్యూటన్ల దగ్గర తెగింది. అంటే దాదాపు 220 కిలోలు వేలాడదీసినట్టు. అరవై దాటినవాళ్ళలో 658 దగ్గరే తెగిపోయింది, 67 కిలోలన్నమాట. ఆ రెండో అంకె చదివినప్పుడు నీ వయసు వేళ్ళ మీద లెక్కేసుకున్నాను.

మా ల్యాబ్‌లో రెండు గదులున్నాయి. మొదటిదాంట్లో బతికున్న మనుషులు, రెండోదాంట్లో ఫ్రీజర్.

మొదటి గదిలో నా పని బంతులు అతికించడం. గోళీ సైజు మెరిసే బంతుల్ని ఆటగాళ్ళ తుంటికీ తొడకీ మోకాలికీ చీలమండకీ అంటిస్తాం. వాళ్ళు 30 సెంటీమీటర్ల పెట్టె మీద నుంచి కిందికి దిగి, వెంటనే పైకి ఎగరాలి. చుట్టూ ఉన్న కెమెరాలు ఆ బంతుల్ని మాత్రమే చూస్తాయి, నేలలో దాచిన పలక పాదం ఎంత బలంతో తాకిందో కొలుస్తుంది. కంప్యూటర్‌లో మనిషి ఉండడు, చుక్కలూ గీతలూ ఎగురుతుంటాయి. ఎంత ఎత్తు ఎగిరారన్నది మాకు పెద్దగా పట్టదు, ఎలా దిగారన్నదే చూస్తాం. ఎందుకంటే ఏసీఎల్ తెగినవాళ్ళలో ఎక్కువమందిని ఎవరూ గుద్ది ఉండరు. ఎగిరి దిగినప్పుడో, పరిగెత్తుతూ టక్కున పక్కకి తిరిగినప్పుడో దానంతటదే తెగుతుంది. ఆటల వీడియోలు పట్టుకుని లెక్కలు కట్టినవాళ్ళు, పాదం నేలని తాకిన 40 మిల్లీసెకన్ల లోపే పని అయిపోతుందని తేల్చారు. రెప్ప వేయడానికి పట్టే టైమ్‌లో సగం కూడా లేదు. "చూసుకుని దిగాల్సింది" అని నిన్నెవరైనా అని ఉంటే, ఆ మాటకి అర్థం లేదు నాన్నా. చూసుకునేంత వ్యవధే ఉండదు.

రెండో గదిలోకి నన్ను మూడో వారం దాకా రానివ్వలేదు. ముందు పంది మోకాళ్ళ మీద చేయి తిప్పుకోవాలన్నారు. (ఇది అమ్మకి చదివి వినిపించకు.) తర్వాత మనుషులవి. మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్లో ఉంటాయి, ముందురోజు రాత్రే బయటపెట్టి చల్లదనం దించాలి. ఎండిపోతే లిగమెంట్ గుణం మారిపోతుంది కాబట్టి గంటల తరబడి ఉప్పునీళ్ళు చల్లుతూనే ఉండాలి. మొదటి నెల నా హోదా అదే, నీళ్ళు చల్లే అమ్మాయి. ఎవరి మోకాలో పేరు తెలియదు. ఒక చీటీ మీద వయసు, ఆడో మగో, కుడో ఎడమో, అంతే. మొదటిరోజు చేతులు వణికాయి. మా గైడ్ ఏమీ అనలేదు, వణుకు ఆగేదాకా నిలబడి, తర్వాత గ్లవ్స్ ఇచ్చారు.

ఎముకల రెండు కొసల్నీ సిమెంట్‌లో పోసి బిగిస్తే, ఒక రోబో ఆ మోకాలిని వంచుతుంది, తిప్పుతుంది, ముందుకి లాగుతుంది. 134 న్యూటన్లతో లాగుతాం, 14 కిలోలకి కాస్త తక్కువ. రోబో తెలివి ఎక్కడుందంటే, మోకాలు నడిచిన దారిని అది గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత మేం ఏసీఎల్ కోసేస్తాం. రోబో మళ్ళీ సరిగ్గా అదే దారిలో నడిపిస్తుంది. ఈసారి ఎంత బలం తక్కువ పట్టిందో, అదంతా ఇందాక ఏసీఎల్ మోసిందన్నమాట. ఇంట్లో ఒకరు వారం రోజులు లేకపోతేనే కదా, వాళ్ళు ఎంత పని చేసేవాళ్ళో తెలిసేది.

నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. లెక్కల ప్రోగ్రామ్ రాయడం నా బాధ్యత. ఐదో వారంలో గ్రాఫులు చూస్తే కొన్ని మోకాళ్ళు లోపలికి తిరగాల్సినచోట బయటికి తిరుగుతున్నాయి. ఎవరూ కనిపెట్టనిది నేను కనిపెట్టానని మూడు రోజులు నిద్రపట్టలేదు. ఊహలో అప్పుడే స్టేజీ ఎక్కేసి మాట్లాడుతున్నాను కూడా. గైడ్‌కి చూపిస్తే అర నిమిషం చూసి, "ఇందులో ఎడమకాళ్ళు ఎన్ని?" అన్నారు. కుడికాలికీ ఎడమకాలికీ లోపలివైపు ఒకటి కాదు కదా! ఎడమ మోకాళ్ళకి గుర్తు మార్చాలి, ప్లస్ ఉన్నచోట మైనస్ పెట్టాలి. నేను మర్చిపోయాను. ఇప్పుడు నా డెస్క్ మీద 'ఎడమా? కుడా?' అని రాసిన చీటీ అంటించి ఉంది. అంటించింది నేను కాదు.

ఇక ఆ రెండో కారణం.

పోయిన మంగళవారం తొమ్మిదో నంబరు మోకాలు తీశాం. అరవై దాటిన మగమనిషి, కుడికాలు. తెరిచి చూస్తే ఏసీఎల్ ఉండాల్సిన చోట ఖాళీ. అప్పుడప్పుడే తెగింది కాదు, ఎప్పుడో ఏళ్ళ కిందటిది. తెగిన కొస కిందికి వాలి, వెనక లిగమెంట్‌కి అంటుకుపోయి ఉంది. లోపలివైపు మెనిస్కస్, అంటే రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండేది, చిరిగి ఉంది. మనవాళ్ళు గుజ్జు అరిగిపోయిందంటారే, అది ఒకచోట పూర్తిగా పోయి కింద ఎముక నున్నగా మెరుస్తోంది. ఆపరేషన్ చేసిన జాడ ఎక్కడా లేదు.

ఏసీఎల్ లేని మోకాలు మా ప్రయోగానికి పనికిరాదు. పట్టికలో దాని ఎదురుగా 'ఏసీఎల్ లేదు, వదిలేశాం' అని నేనే రాశాను. మూసేసే ముందు గైడ్ నన్ను పిలిచి, చేత్తో లాగి చూడమన్నారు. లాక్‌మన్ పరీక్ష అంటారు దాన్ని, 1976లో పత్రికకెక్కింది, ఇప్పటికీ డాక్టర్లు మొదట చేసి చూసేది ఇదే. మోకాలు కాస్త వంచి, తొడని ఒక చేత్తో పట్టుకుని, కాలి ఎముకని రెండో చేత్తో ముందుకి లాగాలి. బాగున్న మోకాలు కొద్దిగా కదిలి ఠక్కున ఆగుతుంది, చాంతాడు చివరిదాకా బిగిసినట్టు. తొమ్మిదో నంబరులో ఆ ఆగడం లేదు. మెత్తగా వస్తూనే ఉంది.

ఆ మనిషి ఈ మోకాలితో ఎన్నేళ్ళు నడిచాడో చీటీ మీద లేదు. నాకు మాత్రం మన మెట్లు కనిపించాయి. నువ్వు దిగేటప్పుడు గోడ పట్టుకుని, ముందు కుడికాలు కింద పెట్టి, తర్వాత ఎడమకాలు అదే మెట్టు మీదకి తెస్తావు. ప్రతి మెట్టుకీ అంతే. చిన్నప్పుడు నాన్నలు అలాగే దిగుతారనుకుని నేనూ అలాగే దిగేదాన్ని, గుర్తుందా? అమ్మ తిట్టేది.

నీ వాలీబాల్ కథ నాకు నోటికొచ్చు. ఎగిరి కొట్టావు, పాయింటు వచ్చింది, దిగేటప్పుడు మోకాల్లో టక్కుమంది. సాయంత్రానికి బుడగలా వాచింది. మూడు వారాలు కట్టు. 'తర్వాత తగ్గిపోయింది.' కథ ఎప్పుడు చెప్పినా పాయింటు దగ్గర ఆగుతావు, తగ్గిపోవడం గురించి ఒక్క ముక్కలో కానిచ్చేస్తావు. తగ్గిందేమో వాపూ నొప్పీ. ఏసీఎల్ పూర్తిగా తెగితే చాలామందిలో మళ్ళీ సరిగా అతుక్కోదు నాన్నా. గాయం మానాలంటే ముందు అక్కడ నెత్తురు గడ్డకట్టాలి, ఆ గడ్డ మీదే కొత్త పీచు అల్లుకుంటుంది. పక్కనుండే లిగమెంట్‌కి ఆ వీలుంది, అందుకే అది చాలాసార్లు దానంతటదే మానుతుంది. ఏసీఎల్ మోకాటి నీటిలో ఉంటుంది. ఆ నీరు గడ్డని నిలవనివ్వదు, కరిగించేస్తుంది. తెగిన రెండు కొసలూ ఎదురెదురుగా ఉండి కూడా కలవలేవు.

నేను డాక్టర్‌ని కాదు. నీ మోకాలు ఎన్నడూ లాగి చూడలేదు, ఇంత దూరం నుంచి నీకు ఏసీఎల్ తెగిందని చెప్పే ధైర్యం లేదు. కానీ నడుస్తూ పక్కకి తిరిగినప్పుడు 'పట్టు జారింది' అని ఆగిపోతావు చూడు, ఆ మాట ఇక్కడ మొదటి గదికి వచ్చే ప్రతివాళ్ళూ వాళ్ళ భాషలో చెప్తున్నారు.

అప్పుడే ఆపరేషన్ చేయించి ఉంటే అని నువ్వు దిగులుపడతావని తెలుసు, అందుకే ఇదీ రాస్తున్నాను. ఆపరేషన్ కొత్తదేమీ కాదు, 1895లోనే ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మేయో రాబ్సన్ అనే సర్జన్ ఒక గని కార్మికుడి మోకాల్లో తెగిన లిగమెంట్లు కుట్టాడు. ఇప్పుడైతే కుట్టడం తక్కువ, తొడ వెనక నుంచో చిప్ప కింద నుంచో పట్టీ తీసి కొత్తది వేస్తారు. అది అందరికీ కావాలా అంటే, స్వీడన్‌లో కొత్తగా గాయపడిన 121 మంది మీద ఒక ప్రయోగం చేశారు. సగం మందికి వెంటనే సర్జరీ, మిగతావాళ్ళకి ముందు వ్యాయామం, అవసరమైతేనే సర్జరీ. 2010లో ఫలితాలొచ్చాయి. రెండేళ్ళకి రెండు గుంపుల మోకాళ్ళ పరిస్థితిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. వ్యాయామం గుంపులో దాదాపు సగం మంది ఐదేళ్ళు గడిచినా సర్జరీ జోలికే పోలేదు. నీలాంటి పాత గాయాలకి దీన్ని నేరుగా అంటించలేం, ఆ సంగతి నాకూ తెలుసు. కొత్త లిగమెంట్ వేయించుకున్నవాళ్ళలో కూడా చాలామందికి తర్వాత గుజ్జు అరుగుతోంది. కాబట్టి అప్పుడు చేయించకపోవడమే తప్పని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. నువ్వూ నీకు నువ్వు చెప్పుకోకు.

నాకు కోపం తెప్పించే సంగతి వేరే ఉంది, నీ తొడ. మోకాలు దెబ్బతిన్నప్పుడు తొడ ముందు కండరానికి వెళ్ళే సంకేతాలు తగ్గిపోతాయి, దాన్ని కదలనీయకుండా ఒళ్ళే అడ్డుపడుతుంది. వాడకపోతే కండరం సన్నబడుతుంది, సన్నబడితే మోకాలి మీద భారం పెరుగుతుంది. మొదటి గదిలో ఆపరేషనై ఏడాది దాటినవాళ్ళ కాళ్ళలో కూడా ఈ తేడా కంటికి కనిపిస్తోంది. లిగమెంట్ సంగతి మన చేతుల్లో లేదు కానీ, కండరాన్ని ఏ వయసులోనైనా పెంచుకోవచ్చు. నువ్వేమో కుడికాలికి పని తప్పించడమే దాన్ని బాగా చూసుకోవడం అనుకుంటున్నావు, ఇన్నేళ్ళుగా.

ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళు. వెళ్ళాక 'ఏం లేదండీ, కాస్త నొప్పి' అనకు, టక్కుమన్న రోజు నుంచి మొదలుపెట్టు, పాయింటు దగ్గర ఆగకుండా చెప్పు. వ్యాయామాలు ఆయన చూపించినవే చెయ్యి, నేను పంపే వీడియోలు చూసి మొదలుపెట్టొద్దు.

అంతకంటే ముందు ఒక పని చేసిపెట్టు. అమ్మ కుట్టుపెట్టెలో టేపు ఉంటుంది. మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చో, కండరం బిగించకు. మోకాటిచిప్ప పై అంచు నుంచి సరిగ్గా 10 సెంటీమీటర్లు పైకి కొలిచి పెన్నుతో గీత పెట్టుకో, ఆ గీత మీద తొడ చుట్టూ టేపు తిప్పు. రెండు కాళ్ళకీ. ఒక్కో కాలికి మూడేసిసార్లు కొలవాలి, మా దగ్గర అదే పద్ధతి. టేపు అమ్మని పట్టుకోమను, నువ్వైతే కుడివైపు వదులుగా పట్టి అంకె పెంచుతావు.

ఆరు అంకెలూ నాకు పంపు. ఏది ఎడమో ఏది కుడో రాయడం మర్చిపోకు.

నీ
చిన్ని