హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి నేరుగా ఒక విమానం వేయించండి

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం. మా అమ్మాయికి పురుడు పోయడానికి మొన్న వేసవిలో నేనూ మా ఆయనా డల్లాస్ వెళ్లొచ్చాం. మీరూ అమెరికాలో చదువుకున్నవారే కాబట్టి ఆ ప్రయాణం ఎలా ఉంటుందో మీకు తెలుసు. అయితే అరవై దాటాక చేస్తే అది వేరే.

అక్కడ మా పెద్ద మనవడు గ్లోబు మీద దారం పట్టి చూపించాడు. మ్యాపులో చూస్తే అమెరికా పడమరన ఉన్నట్టుంటుంది కానీ, మనది 78 డిగ్రీల తూర్పు రేఖాంశం, డల్లాస్‌ది 97 డిగ్రీల పడమర. భూమికి దాదాపు అటూ ఇటూ. అందుకే దారం బిగించి లాగితే ఉత్తర ధ్రువం పక్కనుంచి పోయింది. ఆ లెక్కన సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా లెక్కేస్తే 15,500 దాకా వస్తుంది. తేడా గంటన్నర కూడా కాదు.

మమ్మల్ని కుంగదీసింది ఆ గంటన్నర కాదండీ, మధ్యలో ఆగడం. దారిలో ఒక ఎయిర్‌పోర్టులో తొమ్మిది గంటలు కూర్చున్నాం. చెప్పిన వీల్‌చైర్ రాలేదు. గేటు మారింది, ఆ అనౌన్స్‌మెంటు మాకు అర్థం కాలేదు. ‘మాకు ఇంగ్లీషు రాదు, తర్వాతి విమానం గేటు చూపించండి’ అని అల్లుడు ఇంగ్లీషులో రాసి పంపిన కాగితం పట్టుకుని మా ఆయన అందరి దగ్గరికీ వెళ్లారు. షుగర్ మాత్ర వేసుకునే టైము దాటిపోయింది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తొస్తే నిద్ర పట్టదు. అక్కడే మాలాంటి కాగితాలతో ఇంకో రెండు తెలుగు జంటలు కనిపించాయి.

ఇంత దూరం ఆగకుండా ఎగరడం కొత్తేమీ కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్ 15,300 కిలోమీటర్లు, ఒకే విమానంలో పోతున్నారు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకి నేరుగా నడిపింది కూడా, తర్వాత అది ఆగిపోయింది. హిమాలయాలు, మూసేసిన గగనతలాల వల్ల విమానం దారంలా తిన్నగా పోవడం కుదరదని నాకు తెలుసు. 2022 నుంచి అమెరికా కంపెనీలు రష్యా మీదుగా ఎగరడం లేదు. మన కంపెనీలకు ఆ అడ్డు లేదు. అందుకే ఈ పని మనవాళ్లే చేయగలరని నా నమ్మకం.

వారానికి రెండుసార్లయినా చాలు. కంపెనీలను పిలిచి మాట్లాడండి. అది వచ్చేలోగా, ఢిల్లీలోనో ముంబైలోనో విమానం మారే పెద్దవాళ్లకి తెలుగు తెలిసిన ఒక్క మనిషిని ఉంచమనండి.

సంక్రాంతి తర్వాత మళ్లీ వెళ్లాలి. ఈసారి మా ఆయన రానంటున్నారు.

ఇట్లు,
ఖమ్మం నుంచి ఒక అమ్మమ్మ