గెడ్డ (వాగు) నెమ్మదించే వారం మాకు ముందే చెప్పండి

ఒడిశా ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. రాయగడ జిల్లా గుణుపురంలో మందుల షాపు నడుపుతున్నాను. ఇంట్లో తెలుగు, కౌంటర్ దగ్గర ఒడియా, సంత రోజు నాలుగు సవర మాటలు. కొండ దిగి వణుక్కుంటూ వచ్చేవాళ్లను ముందు రక్తపరీక్షకి పంపిస్తాను. అలాంటివాళ్లు రోజుకు ఇద్దరు ముగ్గురయ్యారంటే మలేరియా మొదలైందని నాకు అర్థమవుతుంది. కానీ అప్పటికే ఆలస్యం.

ఎంత ఆలస్యమంటే, గుడ్డు దోమై ఎగరడానికి మా వేడిలో వారం నుంచి రెండు వారాలు. మలేరియా తెచ్చే ఫాల్సిపారం క్రిమి ఆ దోమలో ఎదగడానికి ఇంకో 10, 12 రోజులు. కుట్టాక జ్వరం బయటపడడానికి మరో వారం పైనే. నీళ్లు దోమకు అనువుగా మారిన రోజుకీ, మనిషి నా షాపు మెట్లెక్కే రోజుకీ మధ్య దాదాపు నెల దొరుకుతుంది. నేనడిగేది ఆ నెల గురించే: మలేరియా రాబోతోందని మాకు ముందే సూచన ఇవ్వండి.

నీళ్ల కబురు ఉపగ్రహాలు చెప్పగలవు. 2014లో పైకెళ్లిన, వానను కొలిచే జీపీఎం ఉపగ్రహం, తోటి ఉపగ్రహాలతో కలిసి, అరగంటకోసారి వాన లెక్క ఇస్తోంది. నేల వేడినీ పచ్చదనాన్నీ కొలిచేవి వేరే ఉన్నాయి. శ్రావణం మబ్బుల్లో మామూలు కెమెరాలకు ఏమీ కనబడదు గానీ రాడార్‌కి మబ్బు అడ్డు కాదు. 2025 జూలైలో ఇస్రో, నాసా కలిసి పంపిన నైసార్ అలాంటిదే.

అయితే 'వాన ఎక్కువైతే దోమలు ఎక్కువ' అనే లెక్క మా కొండల్లో చెల్లదు. ఇక్కడ మలేరియా మోసే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ మురుక్కాలువ దోమ కాదు. గెడ్డ అంచున మెల్లగా పారే తేటనీళ్లలో పెరుగుతుంది. గెడ్డ పొంగితే ఆ దోమ పిల్లలు కొట్టుకుపోతాయి. వాన తగ్గి నీరు నెమ్మదించాకే అసలు గండం. ఆ వారం ఏటా ఒకే తేదీన రాదు. దోమల మందు స్ప్రే తేదీలు క్యాలెండర్ చూసి కాక గెడ్డను చూసి పెట్టించండి.

పైనుంచి దోమ కనబడదు. చెట్ల కింద గజం వెడల్పు గెడ్డా కనబడదు. అలాంటి గెడ్డల పటం ఊరివాళ్ల చేతే గీయించాలి. దోమల్ని పట్టి లెక్కపెట్టే మనుషులూ కావాలి. ఆ లెక్కతో సరిచూడని ముందస్తు సూచన జాతకంతో సమానం. (కొరాపుట్‌లో దోమల పరిశోధకులు ఉండనే ఉన్నారు, దూరం వెళ్లక్కర్లేదు.)

2017లో మొదలైన దమన్ అనే మలేరియా నివారణ కార్యక్రమం జ్వరం లేనివాళ్లకు కూడా మారుమూల ఊళ్లలో రక్తపరీక్ష చేసింది. ఆ మేలు మరిచిపోలేదు. వచ్చే విడతలో ముందు ఏ ఊళ్లకు వెళ్లాలో ఈ సూచనతో తేల్చండి. ఒక్క బ్లాకులో, ఒక్క సీజన్ చూడండి చాలు. ఆ కబురు కలెక్టరేట్ కంప్యూటర్‌లో ఆగిపోకుండా ఆశా కార్యకర్త ఫోన్‌కి వాయిస్ మెసేజ్‌గా, సవరలో, కువిలో, తెలుగులో వెళ్లాలి. అవతల పార్వతీపురం మన్యం అధికారులకూ అదే రోజు అందాలి. సంతకి రెండు వైపుల వాళ్లూ వస్తారు.

నాకూ ఒక కాపీ పంపితే షాపు తలుపు మీద అంటిస్తాను.

ఇట్లు,
గుణుపురం మందుల షాపు యజమాని