ఇంజిన్ వాష్ మానేశాం, ఎందుకంటే

ఇన్నాళ్లూ ఫుల్ వాష్‌కి వచ్చిన ప్రతి కారుకీ బానెట్ ఎత్తి ఇంజిన్ మీద కూడా ప్రెషర్ వాషర్ కొట్టేవాళ్లం. ఈ నెల నుంచి కొట్టడం లేదు. కారణం ఆనోటా ఈనోటా మీ దాకా వచ్చేలోపు నేనే చెప్పేస్తే మంచిది.

మా దగ్గర కడిగించుకెళ్లిన ఒకాయన మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశారు. “స్టార్ట్ చేస్తే బండి మొత్తం వణుకుతోందండీ, చెక్ ఇంజిన్ లైటు కూడా వెలిగింది.” వెళ్లి స్పార్క్ ప్లగ్గులకి కరెంటిచ్చే ఇగ్నిషన్ కాయిల్స్ ఒక్కొక్కటీ పైకి లాగి చూస్తే, రెండో సిలిండర్ దగ్గర స్పార్క్ ప్లగ్ కూర్చునే గుంటలో నీళ్లు. ప్లగ్ సగం మునిగి ఉంది. ప్లగ్ కొసన రవ్వ పుట్టించాల్సిన కరెంటు ఆ తడి వెంట పక్కదారి పడుతోంది, ఆ సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా మండక మిస్ అవుతోంది. గాలి కొట్టి ఆరబెట్టాం. కాయిల్ మాత్రం పాడైపోయింది, కొత్తది మా ఖర్చుతో వేయించాం. ఇందులో వాషర్ పట్టుకున్న కుర్రాడి తప్పేం లేదు. గన్ను చేతికిచ్చి “ఇంజిన్ మీద కూడా నాలుగు కొట్టు” అన్నది నేనే. మా వాషర్ ఒత్తిడి 120 బార్. పైనుంచి పడే వాననీటిని ఆపే రబ్బరు సీళ్లు దగ్గర్నుంచి కొట్టే ఆ ధారను ఆపలేవు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. చివర్లో మేం కొట్టే మెరుపు స్ప్రే ఫొటోకి బాగుంటుంది, అంతే. ఆ జిడ్డుకి వారంలో దుమ్మంతా అంటుకుంటుంది. ఇంజిన్ బెల్టు మీద పడితే అది జారి కీచుమంటుంది.

నిజానికి ఇంజిన్ శుభ్రం చేయడానికి మా దాకా రానక్కర్లేదు, సెలవు రోజు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. కాలుతున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికి పోయే లోహపు గొట్టాలు) మీద చన్నీళ్లు పడితే పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంది. పైగా వేడి మీద క్లీనర్ క్షణాల్లో ఎండిపోయి మరకలు మిగులుస్తుంది. ముందు పొడిగానే మొదలుపెట్టండి. వైపర్ల కింద జాలీలో ఇరుక్కున్న ఎండుటాకులు చేత్తో తీసేయండి. అందరూ ఇంజిన్ మీదే కన్నేసి ఈ మూల వదిలేస్తారు. ఆకులు నీళ్లు పోయే కంతను మూసేస్తే వాననీళ్లు కారు లోపలికి దిగుతాయి.

తర్వాత బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పండి. కొన్ని కార్లలో గడియారం, కిటికీల ఆటో సెట్టింగు మళ్లీ పెట్టుకోవాల్సి వస్తుంది కాబట్టి మాన్యువల్ ఒకసారి చూడండి. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్స్, కాయిల్స్, ఎయిర్ ఫిల్టర్‌లోకి గాలి పోయే నోరు, వీటన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు కట్టండి. ఆల్ పర్పస్ క్లీనర్‌ని డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలిపి బ్రష్ మీద కొట్టుకోండి, ఇంజిన్ మీద కాదు. పాత పెయింట్ బ్రష్ చాలు. దాని మెడ చుట్టూ ఉండే రేకుకి మాత్రం టేప్ చుట్టండి. ఆ రేకు తగిలితే గీతలు పడతాయి. వదిలిన మురికిని తడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఇంకో పొడి గుడ్డతో ఆరేలా తుడవండి. పైపు అసలు అవసరం పడదు.

పెట్రోలు, డీజిల్, కిరోసిన్ వద్దు. జిడ్డు భలే పోతుంది, నిజమే. నిప్పు సంగతి అలా ఉంచండి, రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడతాయి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే అవి హై వోల్టేజీవి. వాటి జోలికి వెళ్లకండి.

తుడిచే ముందు ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసి పెట్టుకోండి. ఆయిల్ తడి ఎక్కడ మొదలై ఎటు కారిందో ఆ మురికే చూపిస్తుంది. అది కాస్తా తుడిచేశాక లీకు వెతకాలంటే మెకానిక్‌కి మళ్లీ కొన్ని రోజులు పడుతుంది. అమ్మకానికి ముందు ఇంజిన్ కడిగించుకునేవాళ్లు మా దగ్గరికి చాలామందే వచ్చేవారు. అందులో ఎంతమంది లీకు దాచడానికి వచ్చారో నేను అడగలేదు. అడగాల్సింది.

చేత్తో తుడిచే పని మాత్రం మా దగ్గర ఉంటుంది. కారుకి రెండు గంటలు పడుతుంది కాబట్టి రోజుకి రెండు కార్లే తీసుకుంటాం, అదీ పొద్దుటిపూటే. ఇంజిన్ చల్లగా ఉండాలి కనుక ముందు రోజు రాత్రే బండి వదిలి వెళ్లినా సరే. ప్యాకేజీలో ఇంజిన్ వాష్‌లు మిగిలినవాళ్లకి వాటి బదులు ఇదే చేసిస్తాం, తేడా డబ్బు అడగం. మా దగ్గర కడిగించుకున్నాక ఇలాగే వణుకు వచ్చి, మాకు చెప్పకుండా వేరేచోట బాగుచేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఆ బిల్లు పట్టుకుని రండి.