దొండకాయల లెక్క

తెనాలి

చి. సుజాతకు నాన్న దీవెనలు.

నువ్వు ఫోన్లో అడిగినదానికి జవాబు రాస్తున్నా. ఫోన్లోనే చెప్పబోతే నీకు క్లాసు టైమైపోతుంది.

మీ నత్తి పరిశోధనకు వచ్చే నత్తి ఉన్నవాళ్లు మెదడును ఫోటో తీసే మీ స్కానర్‌లో పడుకోగానే చక్కగా మాట్లాడేస్తున్నారని, ఇక మెదడులో ఏం చూడాలని వాపోయావు. ఆ మిషన్ హోరులో ఎవరి గొంతు వాళ్లకే సరిగా వినపడదు, దానివల్ల కూడా నత్తి తగ్గుతుందని నువ్వే చెప్పావు. నేనైతే ఇంకోటి కలుపుతా. అక్కడ ఎదురుగా మనిషి మొహం ఉండదు. న్యూయార్క్‌లో నత్తి మీద పరిశోధన చేసే ఎరిక్ జాక్సన్ వాళ్లు 2021లో చూపించింది ఇదే కదా, తమ మాట ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు నత్తి ఉన్నవాళ్లు దాదాపు తడబడలేదని. ఆయనకూ నత్తి ఉందన్నావు, అందుకే ఆ ప్రశ్న తట్టి ఉంటుంది. పొలం గట్టు మీద ఒక్కణ్నే నడుస్తూ నేనెంత ధారాళంగా మాట్లాడతానో మీ అమ్మకు కూడా తెలీదు. గుళ్లో పదిమందితో కలిసి సహస్రనామం చదివితే ఒక్క నామం ఆగదు. అది ముగిశాక పూజారి గారు గోత్రం, పేరు అడుగుతారు చూడు, అక్కడ వస్తుంది చిక్కు. పేరుకు బదులు ఇంకో పేరు చెప్పలేం కదా.

మిగతా మాటలకు బదులు దొరుకుతుంది. ఫలానా మాట ఇరుక్కుంటుందని నాకు రెండు మూడు మాటల ముందే తెలిసిపోతుంది. అప్పటికప్పుడు దారి మార్చేస్తా. బజార్లో 'బ' రాదని తెలిసి బెండకాయలకు బదులు దొండకాయలు అడిగేవాణ్ణి. నీ చిన్నప్పుడు మనింట్లో అన్నిసార్లు దొండకాయ వేపుడు ఎందుకో ఇప్పుడు తెలిసిందా? ఆ మాట మీరు రికార్డు చేస్తే 'తడబడలేదు' అని రాసుకుంటారు. నాలోపల జరిగిన తతంగమంతా మీ లెక్కలోకి రాదు. అందుకని వాక్యం అయ్యాక 'మాటేమైనా మార్చారా' అని అడగండి. లేదా ఇరుక్కుంటుందని అనిపించగానే నొక్కడానికి చేతికి ఒక బటన్ ఇవ్వండి.

మీ తాతయ్యకూ నత్తి ఉండేది. అయినా మా అమ్మ నాకు వస సరిగా పోయలేదని ఊరంతా ఆవిణ్ణే అన్నారు. 2010లో జన్యు శాస్త్రవేత్త డెనిస్ డ్రేనా బృందం పాకిస్తాన్ కుటుంబాల్లో నత్తితో ముడిపడిన జన్యు మార్పులు కనిపెట్టిందని నువ్వు చెప్పినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆవిడే. వినడానికి లేదు, ఏం చేస్తాం.

బటన్ సంగతి మీ ప్రొఫెసరు గారితో మాట్లాడు. ఒప్పుకుంటే సెలవులకు వచ్చినప్పుడు ముందు నామీదే ప్రయత్నించు. మొదటి ప్రశ్నే 'మీ పేరేమిటి' అని మాత్రం పెట్టకు.

మీ నాన్న