నీ బండి ఎమిషన్ పాసయింది

చిన్నా,

ఫోన్‌లో చెప్తే సగం విని "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. తాపీగా చదువు.

నువ్వు మద్రాసు వెళ్తూ చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది, పట్టించుకోకు అన్నావు కదా. పట్టించుకోకుండానే బంకు దగ్గర పొగ పరీక్ష చేసే ఎమిషన్ వ్యానుకి తీసుకెళ్ళాను. సీఓ, అంటే పొగలో కార్బన్ మోనాక్సైడ్, 1.4 శాతం వచ్చింది. మనది 2012 కారు, బీఎస్4 కాలుష్య ప్రమాణంది, దానికి 0.3 శాతం దాటకూడదు. ఆ కుర్రాడు నా మొహం చూసి, ఆంటీ, ఇంకో బండి పైపులో ప్రోబు పెట్టి సర్టిఫికెట్ ఇచ్చేయనా అన్నాడు. వద్దు నాయనా అన్నాను. కాగితం వస్తుంది సరే, ఆ పెట్రోల్ వాసన ఎవరు పీలుస్తారు?

సర్వీస్ సెంటర్‌లో ఈసీఎం, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ డబ్బా, పోయింది, కొత్తది వేయాలి, 42,000 అవుతుంది అన్నారు. నువ్వేమో డబ్బులు పంపేస్తానన్నావు. ఎందుకు పోయిందయ్యా అంటే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. జాలహళ్ళి ఫ్యాక్టరీలో 27 ఏళ్ళు బోర్డులకు టంకం పెట్టినదాన్ని, బోర్డు ఊరికే పోదని నాకు తెలియదా?

పైన వాటాలో ఉండే అబ్బాయి దగ్గర బ్లూటూత్ స్కానర్ ఉంది, వెయ్యి రూపాయల లోపు దొరుకుతుందట. స్టీరింగ్ కింద సాకెట్‌లో గుచ్చి ఫోన్‌లో చూస్తే పీ0135 అని వచ్చింది. అంటే ఆక్సిజన్ సెన్సర్‌లో ఉండే హీటర్ లైను. ఆ సెన్సర్ బాగా వేడెక్కితేనే పని చేస్తుంది, బండి నిలబడి ఉన్నప్పుడు సైలెన్సర్ పొగకి అంత వేడి ఉండదు కాబట్టి లోపల చిన్న హీటర్ పెడతారు. అది వెలగకపోతే సెన్సర్ ఏమీ చెప్పదు, ఈసీఎం గుడ్డిగా పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, సీఓ పెరుగుతుంది. మైలేజీ పడిపోయిందని నువ్వు ఏడ్చింది కూడా దీని వల్లే.

బ్యాటరీ, ఎర్తు వైరు, ఫ్యూజులు ముందు చూశాం, బాగానే ఉన్నాయి. సెన్సర్ వైరు పట్టుకుని చేత్తో తడుముకుంటూ పోతే దొరికింది అసలు దొంగ! పోయిన ఏడాది క్లచ్ పని చేయించావు చూడు, అప్పుడు విప్పిన క్లిప్పు మళ్ళీ పెట్టలేదు. వైరు జారి ఇంజన్ పొగ బయటికొచ్చే వేడి మానిఫోల్డ్ మీద పడి, హీటర్ వైర్లు రెండూ కరిగి ఒకదానికొకటి అంటుకున్నాయి. హీటర్ మధ్యలో లేకుండా 12 వోల్టులు నేరుగా ఈసీఎంలోకి పోయేసరికి, ఫ్యూజు పోయేలోపే హీటర్‌ని ఆన్ ఆఫ్ చేసే లోపలి ట్రాన్సిస్టర్ కాలిపోయింది. 42,000 పెట్టి కొత్త డబ్బా బిగించి ఉంటే అదీ మొదటి రోజే పోయేది.

సెకండ్ హ్యాండ్ డబ్బా కూడా అడిగి చూశాను, జేసీ రోడ్డులో. పార్ట్ నంబరు చివరి అక్షరంతో సహా కలవాలి, కలిసినా బండి దొంగల పాలవకుండా ఆపే ఇమ్మొబిలైజర్ మన తాళాన్ని గుర్తుపట్టదు, మళ్ళీ దానికో ఖర్చు. మన బోర్డునే బాగుచేస్తే ఆ గొడవ లేదు. అక్కడే ఒక సందులో ఈసీఎంలు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. నేను స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నా, ఆయనకి నచ్చలేదు గానీ ఏమీ అనలేదు. మూతకున్న జిగురుని వేడిగాలితో మెత్తబరిచి తెరిచాడు, బోర్డు మీద వేలిగోరంత నల్లమచ్చ. ఎస్పీ రోడ్డు నుంచి 60 రూపాయల ట్రాన్సిస్టర్ తెప్పించి వేశాడు. టంకం బాగా పెట్టాడు, మెరుస్తోంది. నా కళ్ళు మునుపటిలా ఉంటే నేనే పెట్టేదాన్ని. 4,500 తీసుకున్నాడు, బేరమాడలేదు. వైర్లు కోసి అతికి, వేడి తట్టుకునే స్లీవు తొడిగి, కొత్త క్లిప్పు వేయించడానికి ఇంకో 350.

మళ్ళీ టెస్టుకి వెళ్ళేముందు రింగ్ రోడ్డు మీద అరగంట తిప్పాను, చల్లటి బండితో వెళ్తే పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్ పని మొదలుపెట్టదు, బాగున్న బండి కూడా ఫెయిలవుతుంది. ఈసారి సీఓ 0.06. అదే కుర్రాడు, రెండుసార్లు చూసుకున్నాడు.

సర్టిఫికెట్ ఏడాదికి వస్తుంది, ఫోటో పంపాను, ఫోన్‌లో దాచుకో. అది లేకుండా పట్టుబడితే పది వేల దాకా ఫైను వేయొచ్చు. ఇంజన్ మీద ప్రెషర్ నీళ్ళు కొట్టించకు. ఎవరైనా ఈసీఎం విప్పితే ముందు బ్యాటరీ మైనస్ తీయించు. క్లచ్ పని చేసినవాడి దగ్గరికి ఇంక వెళ్ళకు.

4,850 నాకు పంపు. మిగతా 37 వేలు నీ దగ్గరే ఉన్నాయి కదా, సంక్రాంతికి బస్సులో కాకుండా రైల్లో రా, వచ్చేటప్పుడు మాంబళంలో ఆ వడియాలు రెండు పాకెట్లు తీసుకురా.

అమ్మ