గేటు లేని స్టేషన్లు

ఏలూరు, ఆదివారం పొద్దున

చిన్నీ,

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నమ్మ మోకాలికి నూనె మార్చాం, కాస్త నడుస్తోంది. పెరట్లో కుంకుడుచెట్టు కొట్టేద్దామని గోపాలం బాబాయి మళ్ళీ మొదలెట్టాడు. మీ అమ్మ పచ్చడి పొట్లం కట్టి అటు బెర్లిన్ వచ్చేవాళ్ళ కోసం చూస్తోంది. నువ్వు ఫోన్ చేసి 19 రోజులైంది. పరీక్షలు కాబోలనుకున్నాను.

మొన్న హైమత్త వాళ్ళ చైతూ వచ్చాడు. నిన్ను రైల్లో టికెట్ లేదని చెకింగ్ వాళ్ళు దింపేశారని, 60 యూరోలు ఫైన్ వేశారని అన్నాడు. మీ అమ్మ వంటింట్లో ఉంది, వినలేదు. వాడు సగం విని మొత్తం చెప్పే రకం కాబట్టి నేనూ రెట్టించలేదు. సరే, అది అలా ఉంచు.

మీ బెర్లిన్ రైళ్ళ మ్యాపు జిరాక్స్ షాపులో పెద్దది తీయించి క్యాలెండర్ పక్కన అంటించాను. ఊరి చుట్టూ తిరిగే రైలు నాకు బాగా నచ్చింది. 37 కిలోమీటర్లు, 27 స్టేషన్లు, గంటలో ఎక్కినచోటికే తెస్తుంది. ఎస్ 41 గడియారం ముల్లు తిరిగేవైపు, ఎస్ 42 ఎదురు. కునుకుపట్టినా నీ స్టేషన్ మళ్ళీ వస్తుంది. అయినా నిద్రపోకు, బ్యాగు ఒళ్ళో పెట్టుకో.

నువ్వెక్కే యు 8 భూగర్భ రైలు సంగతి చదివాను. 1961లో ఊరిని రెండుగా చీలుస్తూ గోడ కట్టాక, పడమటి బెర్లిన్ వాళ్ళ ఆ రైళ్ళు తూర్పు బెర్లిన్ కిందనుంచి, మూసేసిన స్టేషన్లలో ఆగకుండా పోయేవట. ప్లాట్‌ఫారం మీద మసక దీపాలు, కాపలా సిపాయిలు. 1989లో గోడ తెరుచుకునేదాకా అంతేనట. స్టేజీ కనిపిస్తుంటే బండి ఆపకుండా పోవడం ఆ డ్రైవర్లకి ఎంత కష్టంగా ఉండేదో!

మీకు గేట్లే లేవట కదా. హైదరాబాద్ మెట్రోలో కార్డో టికెట్టో చూపిస్తేగానీ గేటు తెరుచుకోదు. మీ దగ్గర మనిషిని నమ్మి వదిలేశారు. చెకింగ్ వాళ్ళేమో ఒక్కోసారి మామూలు బట్టల్లో మనలాగే ఎక్కి, తలుపులు మూసుకున్నాక కార్డు చూపిస్తారట. అందుకే చెబుతున్నాను. కాగితం టికెట్ కొంటే ఎక్కేముందే మిషన్లో ముద్ర కొట్టించాలి, లేకపోతే ఉన్నా లేనట్టే. విమానాశ్రయం ఊరి బయటి సి జోనులో ఉంది. ఊరి లోపలికే చెల్లే ఏ-బి టికెట్ మీద అక్కడికి వెళ్తే పట్టుకుంటారు. నీ స్నేహితురాళ్ళెవరైనా వస్తే వాళ్ళకి ముందే చెప్పు. నీ స్టూడెంట్ పాస్ ఫోన్లోనే ఉందన్నావు. ఛార్జింగ్ అయిపోతే పాస్ లేనట్టే కదా. జరిగింది అదే అయితే, పేరున్న పాస్ వారంలోపు చూపిస్తే 7 యూరోలతో సరిపెడతారట. ఆ సంగతి నీకెవరైనా చెప్పారా?

నువ్వు పుట్టకముందు, నేను ఆర్టీసీ బస్సులో కండక్టర్‌గా ఉన్నప్పటి మాట. శనివారం చివరి ట్రిప్పు, ద్వారకా తిరుమల నుంచి ఏలూరు. కొండ మీద జనమంతా మా బండిలోనే ఉన్నట్టుంది, చిల్లర లేదు, టికెట్ల లెక్క కాగితం, ఎస్.ఆర్., రాసుకునే వీలు లేదు. వెనక సీట్లో ఒకావిడ, ఒళ్ళో పిల్లాడు. టికెట్ అని అడిగితే తలూపింది. తీసుకుందనుకుని ముందుకి జరిగాను. భీమడోలు దగ్గర చెకింగ్ స్క్వాడ్ ఎక్కింది. ఆవిడ దగ్గర టికెట్ లేదు. కొండ మీద పర్సు ఎవరో కొట్టేశారట. నాకు ఛార్జి మెమో ఇచ్చారు, ఆ ఏడాది ఇంక్రిమెంటు ఆగింది. బామ్మ మందులకి ఆ నెల ఎలా సర్దామో మీ అమ్మకి గుర్తే. ఆవిడ డబ్బులు నేనే కట్టి, "ముందే చెప్పొచ్చు కదమ్మా, నేనే టికెట్ కొట్టేవాణ్ణి" అన్నాను. "మీ ఖాకీ చొక్కా చూసి భయమేసిందండీ" అంది.

నీ చిన్నప్పుడు పెన్సిలు పోయినా నేను ఆరా తీసేవాణ్ణి. ఎప్పుడు పోయింది, ఎక్కడ, ఎవరు చూశారు అని. ఆ చొక్కా ఇంట్లో కూడా విప్పలేదేమోనని మొన్నటినుంచీ అనిపిస్తోంది.

రాత్రి లైబ్రరీ నుంచి ఆలస్యంగా రాకు. శుక్ర, శనివారాలు తప్ప మిగతా రాత్రుళ్ళు యు రైళ్ళు ఆపేస్తారు, రాత్రి తిరిగే ఎన్ బస్సులే దిక్కు. ఎక్కితే డ్రైవరుకి దగ్గరగా కూచో. చెవులు మూసే టోపీ పెట్టుకో. అక్కడ చలికాలం నాలుగింటికే చీకటి పడుతుందట.

నీ అకౌంట్లో 15,000 వేయించాను, బూట్లకి. మిగిలితే దేనికైనా వాడుకో, లెక్క చెప్పక్కర్లేదు. ఒక పవర్ బ్యాంకు మాత్రం కొనుక్కో. కట్టింది 60 అయినా 7 అయినా నా నంబరుకి రాయి, మీ అమ్మ ఫోన్‌కి వద్దు. అసలేమీ జరగకపోయినా రాయి. నేను రాత్రి పదకొండు దాకా మెలకువగానే ఉంటాను.

నాన్న